చల్లారిన ఇటుకలు

లెమ్యుయెల్ గ్రిగ్స్ పోయి మొన్న మార్చికి ఏడాది నిండింది. అప్పట్లో మా ఊరి పత్రిక అతని గురించి నాలుగంటే నాలుగే వాక్యాలు వేసింది. వాటిలో రెండు అబద్ధాలు. ఒకటి అతని వయసు. రెండోది, "ఇరవై ఏళ్ళు శాసనసభ తలుపు దగ్గర కాపలా ఉండి, తన అజాగ్రత్త వల్ల ఆ కొలువు పోగొట్టుకున్నాడు" అన్న మాట. వయసు సంగతి పోనిస్తాను, అది అతనికే సరిగ్గా తెలియదు. రెండోదాన్ని ఏడాది పాటు దిగమింగుకుని కూర్చున్నాను. ఇక పోనివ్వను. అతని కొలువు పోవడానికి కారణమైన రోజు సభ హాల్లో ఉన్నవాళ్ళలో ఇప్పుడు మిగిలినవాళ్ళం ఏ పదిమందిమో. అసలు సంగతి తెలిసినదాన్ని మాత్రం నేనొక్కదాన్నే.

నేను పూటకూళ్ళమ్మను. పేరు ఓర్ఫా కెండ్రిక్. మొగుడు పోయిన ఏడాదే మేడగదులు అద్దెకిచ్చి, కింద పొడుగాటి బల్ల వేసి, మూడు పూటలా భోజనం పెట్టడం మొదలుపెట్టాను. శాసనసభ కూర్చునే శీతకాలంలో నా గదులన్నీ సభ్యులతో నిండేవి. సభలో ఒకరి గొంతు ఒకరు పట్టుకున్నవాళ్ళే నా బల్ల దగ్గర పక్కపక్కన కూర్చుని మొక్కజొన్న రొట్టె, ఉప్పు పంది మాంసం తినేవాళ్ళు. నా ఇంట్లో రాజకీయం ఎత్తితే గరిటెతో కొడతానని ముందే చెప్పేదాన్ని. ఇద్దర్ని కొట్టాను కూడా. వాళ్ళలో ఒకాయన తరవాత జడ్జీ అయ్యాడు.

లెమ్ నా అటక గదిలో ఉండేవాడు. కొండల మీంచి వచ్చిన మనిషి. పొడుగు, బక్క, మాట తక్కువ. ఉత్తరం వాళ్ళకీ దక్షిణం వాళ్ళకీ జరిగిన యుద్ధంలో ఎడమ చెవి పోయింది. ఎవరైనా అటువైపు నుంచి వాగుతుంటే హాయిగా తల ఊపేవాడు, ఒక్క ముక్క వినేవాడు కాదు. పద్దెనిమిది వందల డెబ్బై ఏడులో కొలువులో చేరిన నెలకే, సభలో పడవరేవు బిల్లు మీద మాటా మాటా పెరిగి ఒక సభ్యుడు ఇంకొకణ్ణి కడుపులో కాల్చాడు. దెబ్బ తిన్నవాడు తలుపు దాకా పాకి వచ్చి లెమ్ బూట్ల మీద పడ్డాడు. చలేస్తోంది, చలేస్తోంది అంటూ అరగంట సేపు కొట్టుకుని ప్రాణం విడిచాడు. లెమ్ ఆ అరగంటా కాళ్ళు కదపలేదు.

మర్నాడు పొద్దున్నే లెమ్ సుత్తి తీసుకెళ్ళి తలుపు పక్క గోడకి నలభై మేకులు కొట్టాడు. ఒక్కో మేకు కింద సున్నంతో అంకె రాశాడు. రేకు ముక్కలు కత్తిరించి అవే అంకెలతో బిళ్ళలు చేశాడు. అలా చెయ్యమని అతనికెవరూ చెప్పలేదు, వద్దని చెప్పే ధైర్యమూ ఎవరికీ లేకపోయింది. ఆనాటి నుంచి తలుపు దగ్గరికి ఎవరొచ్చినా సరే, కుడి అరచెయ్యి చాపి ఒకటే మాట అనేవాడు. "ఇచ్చెయ్యండి. బిళ్ళ తీసుకోండి." పిస్తోలు మేకుకి వేలాడేది, బిళ్ళ జేబులో పడేది, సాయంత్రం బిళ్ళ చూపిస్తే పిస్తోలు తిరిగొచ్చేది. లేదన్నవాణ్ణి నడుం చుట్టూ, బూట్ల లోపల తడిమి చూసేవాడు. స్పీకర్నీ తడిమాడు. ఒకసారి గవర్నర్నీ తడిమాడు. ఇరవై ఏళ్ళు ఆ తలుపు దాటి ఒక్క పిస్తోలు లోపలికి పోలేదు. లోపల కొట్టుకోలేదని కాదు. పళ్ళు రాలాయి, తలలు పగిలాయి. చావు మాత్రం లేదు. లెమ్‌కి పెళ్ళాం లేదు, పొలం లేదు, ఆస్తి అంటూ ఏదైనా ఉంటే అదే.

ఇప్పటి వాళ్ళకి వింతగా ఉంటుంది గానీ, అప్పట్లో దేశ రాజధానిలో కూర్చునే సెనేటర్‌ని జనం ఎన్నుకునేవాళ్ళు కాదు. మా రాష్ట్ర శాసనసభ సభ్యులే ఎన్నుకునేవాళ్ళు. మొదట్లో తేలకపోతే రెండు సభలూ ఒకే హాల్లో కూర్చుని, రోజూ మధ్యాహ్నం పన్నెండింటికి ఒక్కసారైనా పేర్లు పిలిచి ఓటు వెయ్యాలి, ఎవరో ఒకరికి సగం కంటే ఒక్కటి ఎక్కువ వచ్చేదాకా. తొంభై ఏడు జనవరిలో మాబ్రీ, టొలివర్ అని ఇద్దరు పోటీకి దిగారు. ఇద్దరూ మా ఊళ్ళో కాలు పెట్టలేదు. ఊరి బయట రైల్వే వాళ్ళ హోటల్లో ఒకడు, నదికి అవతలి ఒడ్డున ఒకడు దిగి, లోపల కొట్టుకు చావమని జనాన్ని ఎగదోశారు. సభ్యులు మొత్తం నూట ముప్పై నాలుగు. మాబ్రీకి అరవై ఏడు, టొలివర్‌కి అరవై ఏడు. తూకం వేసినట్టు సరిగ్గా సగం.

ఆ ఎనిమిది వారాలూ ఊరు పిచ్చాసుపత్రి అయిపోయింది. ఓటు తప్పించుకోవాలని దాక్కున్న సభ్యులను సభ బంట్రోతులు ఇళ్ళలోంచి లాక్కొచ్చేవాళ్ళు. ఒకాయన్ని మంగలి కొట్లోంచి సగం గడ్డంతో, మెడకి తువ్వాలుతో ఈడ్చుకొచ్చారు. వదిలించుకోబోతే మంగలి కత్తి ఆయన చెవినే కోసింది. మాబ్రీ వాళ్ళు టొలివర్ మనిషిని సభామెట్ల మీంచి తోశారు, మోకాలి చిప్ప రెండు ముక్కలైంది. బదులుగా టొలివర్ వాళ్ళు ఒక ముసలి సభ్యుణ్ణి గుర్రపు పాక వెనక పట్టుకుని చేతికర్రలతో బాది, కన్ను పోగొట్టారు. అయినా ఇద్దరూ కట్లు కట్టించుకుని వచ్చి ఓటు వేశారు. లోపల సిరాబుడ్లు, ఇత్తడి ఉమ్మితొట్లు ఎగిరేవి. కుమ్ములాట ముదిరితే లెమ్ నిప్పంటుకుంటే ఆర్పడానికి ఉంచిన నీళ్ళ బకెట్టు తెచ్చి ఇద్దరి నెత్తినా కుమ్మరించేవాడు. మంచు కరిగించిన నీళ్ళవి. వేడి తగ్గేది.

ఫిబ్రవరి చివర్లో, నా ఇంట్లో ఉన్న ఏసా బర్డిక్ అనే మాబ్రీ సభ్యుడు నిమ్ము పట్టి మంచాన పడ్డాడు. అరవై ఎనిమిదేళ్ళ రైతు, నోట్లో మంచి మాట తప్ప ఇంకోటి రాని మనిషి. ఎదురు గదిలో క్విన్సీ హార్ట్‌సెల్, టొలివర్ సభ్యుడు, పాఠాలు చెప్పుకునే మనిషి. ఇద్దరికీ పొద్దస్తమానం చదరంగం, పోట్లాట. ఒకరిని ఒకరు ముసలోడా, పంతులూ అని పిలుచుకునేవాళ్ళు. ఏసా పడకెయ్యగానే హార్ట్‌సెల్ మంచం పక్కన నిలబడి చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వు లేచేదాకా నేనూ ఓటెయ్యను. ఇది జంట. సరేనా ముసలోడా?"

"సరే పంతులూ. మాటే కదా."

"మాటే."

మా సభలో జంట అంటే అదే. ఒకవైపు మనిషి రాలేకపోతే, అవతలి వైపు మనిషి కూడా ఓటు మానుకుంటాడు. కాగితం లేదు, సంతకం లేదు. తమ్ముణ్ణి అమ్ముకునేవాళ్ళు కూడా జంట మాట తప్పేవాళ్ళు కారు. దాంతో లెక్క అరవై ఆరు, అరవై ఆరుకి దిగింది. మళ్ళీ సమానమే.

మార్చి మూడో తారీకు. సభ గడువు మర్నాటితో అయిపోతుంది. పొద్దున పదకొండింటికి మాబ్రీ జట్టుకి పెద్ద అయిన కెప్టెన్ డులేనీ, నలుగురు మనుషులు, ఒక మడత మంచం నా వాకిట్లో దిగారు. బయట మంచు మీద జారే గుర్రపు మంచుబండి నిలబడి ఉంది. హార్ట్‌సెల్ ఇంట్లో లేడు. ఏసాకి మందు అయిపోతే తెస్తానని రేవు దగ్గర మందుల కొట్టుకి పోయాడు. ఆ వేళ చూసుకునే వచ్చారు ఈ మహానుభావులు.

నేను మెట్లకి అడ్డంగా నిలబడ్డాను.

"ఆయన్ని కదిపితే చచ్చిపోతాడని డాక్టరు చెప్పాడు."

"డాక్టరు టొలివర్ మనిషి" అన్నాడు డులేనీ.

"నిమ్ముకి కూడా పార్టీ ఉందా నీ మొహానికి?"

ఒకడు నన్ను భుజం పట్టి పక్కకి నెట్టాడు. పొయ్యి ఊచ తీసి వాడి మోచేతి మీద ఒక్కటిచ్చాను. ఎముక చప్పుడైంది. ఇంకొకడు నా జుట్టు పట్టుకుని గోడకి వేసి కొట్టాడు. కళ్ళ ముందు నల్లగా అయింది. తేరుకునేసరికి డులేనీ పైన ఏసా మంచం దగ్గర వంగి ఉన్నాడు, గొంతులో తేనె పోసుకుని మాట్లాడుతున్నాడు.

"ఒక్క ఓటు బర్డిక్ గారూ. పది నిమిషాల్లో తెచ్చి మళ్ళీ పడుకోబెడతాం."

"హార్ట్‌సెల్‌తో మాట ఉంది" అన్నాడు ఏసా. మాటకీ మాటకీ మధ్య ఊపిరి అందడం లేదు.

"ఆయనకి చెప్పాం. ఆయనా వస్తున్నాడు. ఇద్దరూ వేస్తారు, జంట చెల్లు."

ఏసా నా వైపు చూశాడు. నాకు నిజం తెలియదు. హార్ట్‌సెల్‌కి నిజంగానే చెప్పారేమో అనుకున్నాను. డులేనీ అబద్ధమాడతాడని తెలుసు, అంత పచ్చిగా ఆడతాడని తెలియదు.

"అలాగైతే వెళ్తాను ఓర్ఫా" అన్నాడు ఏసా.

అయితే నేనూ వస్తాను, ఒంటరిగా పంపను అన్నాను. ఎలాగూ పొద్దుటి నుంచి పొయ్యిలో నాలుగు ఇటుకలు కాగుతున్నాయి. వాటిని తీసి, నా పాత ఎర్ర ఫ్లానెల్ లంగా చింపి ఒక్కోదాన్నీ మూడు చుట్లు చుట్టి, ఏసా కాళ్ళ దగ్గర దుప్పటి కింద పెట్టాను. అలా చుట్టిన ఇటుక గంటన్నర వేడిగా ఉంటుంది, నలభై శీతకాలాల లెక్క నాది. మంచుబండిలో నన్ను ముందు, తోలేవాడి పక్కన ఎక్కించారు. వెనక ఏసా దగ్గర డులేనీ మనుషులు కూర్చున్నారు. దారి పది నిమిషాలు. నేను ఒక్కసారీ వెనక్కి చూడలేదు, గోడకి తగిలిన తల పగిలిపోతుంటే కణతలు పట్టుకుని కూర్చున్నాను.

తలుపు దగ్గర లెమ్. వెనక గోడకి అప్పటికే ముప్పై పిస్తోళ్ళు వేలాడుతున్నాయి. అరచెయ్యి చాపాడు. డులేనీ నవ్వుతూ తన పిస్తోలు ఇచ్చాడు, నలుగురూ ఇచ్చారు, ఐదు బిళ్ళలు పుచ్చుకున్నారు. లెమ్ వాళ్ళ బూట్లు తడిమాడు. తరవాత మంచం దగ్గరికి వచ్చి, ఏసా ముఖం చూసి, దుప్పటి అంచు ఎత్తి కాళ్ళ దగ్గర చెయ్యి పెట్టాడు.

"ఇవేంటి ఓర్ఫా?"

"ఇటుకలు. నేనే చుట్టాను."

అతని చెయ్యి ఎర్ర గుడ్డ మీద ఆగింది.

"చల్లారిపోయాయే."

"ఇంత చలిలో చల్లారవా మరి? ఆయన చచ్చిపోతున్నాడిక్కడ. నీ తడమడం ఆపి తలుపు తియ్యి లెమ్."

లెమ్ చెయ్యి తీసి తలుపు తెరిచాడు.

పది నిమిషాల్లో ఆ ఇటుకలు చల్లారవు. అది నాకు తెలుసు. నా ఒళ్ళు మండుతోంది, తల పగిలి రక్తం మెడ మీదికి కారుతోంది, ఏసాని పొయ్యి దగ్గరికి చేర్చాలన్న ఆత్రం తప్ప ఇంకేమీ తోచలేదు. అలా అని సర్దిచెప్పుకోవడానికి పందొమ్మిదేళ్ళుగా ప్రయత్నిస్తున్నాను. సర్దుకోవడం లేదు.

లోపల మనిషికి మనిషి ఆనుకుని నిండిపోయారు. మంచాన్ని పొయ్యి పక్కన దించారు, నేను తల దగ్గర నిలబడ్డాను. గుమాస్తా పేర్లు పిలవడం మొదలుపెట్టాడు. బర్డిక్ అనగానే అందరూ మంచం వైపు తిరిగారు.

"మాబ్రీ" అన్నాడు ఏసా.

టొలివర్ వైపు అరవై ఆరుగురూ ఒక్కసారిగా లేచారు. జంట తప్పారు, దొంగలు, అని ఒకటే కేకలు. ఒక సిరాబుడ్డి వచ్చి గుమాస్తా నుదుటికి తగిలింది. ఆ గుమాస్తా గట్టివాడు, రక్తం, సిరా కలిపి తుడుచుకుని తరవాతి పేరు చదివాడు. హార్ట్‌సెల్ పేరు పిలిచినప్పుడు జవాబు లేదు. ఏసా తల తిప్పి హాలంతా వెతికాడు.

"పంతులేడీ?" అని నన్ను అడిగాడు. అప్పటికి నాకు అర్థమైంది.

పేర్లు అయిపోవస్తుండగా తలుపు తెరుచుకుంది. హార్ట్‌సెల్, టోపీ లేదు, భుజాల మీద మంచు, చేతిలో మందు సీసా. లెమ్ అతన్ని కూడా తడిమి చూశాకే వదిలాడు. హార్ట్‌సెల్ దగ్గర పిస్తోలు లేదు, ఏనాడూ లేదు. గుంపుని తోసుకుంటూ మంచం దగ్గరికి వచ్చాడు. కేకలు వెయ్యలేదు.

"ఏంటిది ముసలోడా?"

"నువ్వు వస్తున్నావన్నారు" అన్నాడు ఏసా. "నీకు చెప్పామన్నారు."

హార్ట్‌సెల్ డులేనీ వైపు చూశాడు. డులేనీ గోడ గడియారం వైపు చూస్తున్నాడు. అప్పుడు ఏసా నా నడుం పట్టుకుని, నా మీద బరువంతా వేసి లేచి కూర్చున్నాడు. ఎనిమిది వారాల్లో నేను విన్న ఉపన్యాసాలన్నిటికంటే ఆ మనిషి మాట్లాడిన ముక్క చిన్నది.

"స్పీకర్ గారూ, నా ఓటు వెనక్కి తీసుకుంటున్నాను. నాకు జంట ఉంది."

అరవై ఏడు మళ్ళీ అరవై ఆరు అయింది. డులేనీ ముఖంలో తేనె అంతా ఆవిరైపోయింది. ఒక్క అంగలో వచ్చి ఏసా చెంప మీద కొట్టాడు. జబ్బు మనిషిని, కూర్చున్న మనిషిని.

"జ్వరంలో వాగుతున్నాడు. ఈ మాట లెక్కలోకి రాదు. మొదటి ఓటే ఓటు."

హార్ట్‌సెల్ ఎడమ చేత్తో డులేనీ ముక్కు మీద గుద్దాడు. కుడి చేతిలో సీసా ఇంకా పట్టుకునే ఉన్నాడు. ఆ దెబ్బతో హాలు రెండుగా చీలి ఒకదాని మీద ఒకటి విరుచుకుపడింది. కుర్చీలు విరిగాయి. ఒకడు ఉమ్మితొట్టితో ఎదుటివాడి దవడ పగలగొట్టాడు, పళ్ళు నా గౌను మీద రాలాయి. చట్టాల పుస్తకాలు ఇటుకల్లా ఎగిరాయి. కర్రలు, పిడికిళ్ళు, మోకాళ్ళు. ఇరవై ఏళ్ళుగా చూసిన కుమ్ములాటే అనుకున్నాను. లెమ్ బకెట్టు తెస్తాడు, చల్లబడుతుంది అనుకున్నాను.

అప్పుడు డులేనీ మనుషుల్లో ఒకడు వంగి ఏసా దుప్పటి కింద చెయ్యి పెట్టి నా ఎర్ర గుడ్డ మూట బయటికి తీశాడు. ఇటుకతో కొడతాడేమో అనుకున్నాను. గుడ్డ మూడు చుట్లూ విప్పాడు. లోపల నల్లటి గొట్టం మెరిసింది. పక్కవాడు రెండోది తీశాడు, ఇంకొకడు మూడోది, నాలుగోది డులేనీ చేతికి అందింది. నా నాలుగు ఇటుకలు ఎక్కడో దారిలో మంచులో పడి ఉన్నాయి.

ఆ హాల్లో పిస్తోలు ఉన్నది ఆ నలుగురి దగ్గరే. మిగిలినవాళ్ళ పిస్తోళ్ళు బయట మేకులకి వేలాడుతున్నాయి, జేబుల్లో ఉన్నవి రేకు బిళ్ళలే. లెమ్ మాట విన్నందుకు వాళ్ళందరూ ఒట్టి చేతులతో నిలబడ్డారు.

మొదటి గుండు హార్ట్‌సెల్ మెడలో దిగింది. సీసా పగిలి మందులోని కర్పూరం వాసన గుప్పుమంది. నేను ఇప్పటికీ కర్పూరం వాసన భరించలేను, దానితో పాటు ఆ రక్తం వాసనా వస్తుంది. అతను ఏసా మంచం మీదికి ఒరిగాడు, మంచం తిరగబడింది, జనం పరుగెత్తారు. ఆ బూట్లన్నీ ఏసా మీంచే పోయాయి. నేను ఏసా మీద పడుకుని కప్పబోయాను, ఎవడిదో మడమ నా వేళ్ళ మీద పడి రెండు విరిగాయి, ఇంకెవడో నన్ను కాళ్ళతో తన్ని దొర్లించాడు. ఇంకో మూడు గుళ్ళు పేలాయి. కిటికీలోంచి దూకినవాళ్ళు దూకుతున్నారు.

లెమ్ లోపలికి వచ్చాడు. బకెట్టు లేదు. పరుగెత్తలేదు. రోజూ తలుపు దగ్గర నిలబడినట్టే కుడి అరచెయ్యి చాపి డులేనీ మనుషుల్లో ఒకడి ఎదురుగా నిలబడ్డాడు.

"ఇచ్చెయ్యండి. బిళ్ళ తీసుకోండి."

వాడు ఆ అరచేతిలోనే కాల్చాడు. మూడు వేళ్ళు ఎగిరిపోయాయి. లెమ్ ఎడమ చేత్తో గొట్టం పట్టుకుని మెలిపెట్టి లాగాడు, దాని పిడితోనే వాడి దవడ రెండు ముక్కలు చేశాడు. తరవాత రెండోవాడు. వాడి మణికట్టు విరిగిన చప్పుడు పొయ్యిలో కట్టె పేలినట్టు వినిపించింది. మూడోవాడు పిస్తోలు కింద పడేసి కాళ్ళ మీద పడ్డాడు. అయినా లెమ్ ఆగలేదు, వాడి ముఖం మీద తన్నాడు. లెమ్ అలా కొట్టడం నేను ఎప్పుడూ చూడలేదు. వద్దనాలని కూడా నాకు అనిపించలేదు. అప్పటికి డులేనీ నాలుగో పిస్తోలు బల్ల మీద పెట్టి, చేతులు తుడుచుకుని, తను ఎవరినీ కాల్చలేదన్న ముఖంతో స్పీకర్ పక్కన నిలబడి ఉన్నాడు.

లెమ్ నాలుగింటినీ తీసుకెళ్ళి మేకులకి తగిలించాడు. అంకెల మీద రక్తం కారింది. తిరిగొచ్చి ఏసా పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, కోటు విప్పి కప్పాడు. ఏసా ఛాతీ ఎముకలు లోపలికి పోయాయి, కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి. పంతులేడీ అన్నాడు. పక్కనే ఉన్నాడు అన్నాను. నిజంగానే పక్కన ఉన్నాడు, ప్రాణం లేదు. కాసేపటికి ఏసా కూడా పోయాడు.

అప్పుడు లెమ్ నేల మీద పడి ఉన్న ఎర్ర గుడ్డలు చూశాడు. నా వైపు చూశాడు. ఎడమ చేత్తో నాలుగూ ఏరి, ఉండ చుట్టి, చొక్కా లోపల దోపుకున్నాడు.

ఇద్దరు పోయారు, చెరోవైపు ఒకరు. అరవై ఆరు, అరవై ఆరు. మర్నాడు రక్తం కడిగిన నేల మీద చివరి ఓటు వేసి, ఎవర్నీ ఎన్నుకోకుండా సభ ముగించుకుని ఇళ్ళకి పోయారు. మా రాష్ట్రపు సెనేటర్ కుర్చీ రెండేళ్ళు ఖాళీగా ఉంది. లోకం ఏమీ మునిగిపోలేదు.

విచారణ ఏప్రిల్‌లో జరిగింది. దానికి రెండు రోజుల ముందు డులేనీ మనిషి ఒకడు నా వంటింటి గుమ్మంలో నిలబడి, ఆ మూటలు చుట్టింది నువ్వే, తలుపు దగ్గర ఇటుకలని చెప్పిందీ నువ్వే, నోరు విప్పితే ఉరి ఎవరికి పడుతుందో చూసుకో, అని చెప్పి పోయాడు. విచారణ గదిలో నేను వెనక వరసలో కూర్చున్నాను. లెమ్ కుడి చేతికి గుడ్డ కట్టుతో ముందు నిలబడ్డాడు.

"మంచం తడిమి చూశావా?"

"లేదండి."

"ఎందుకు చూడలేదు?"

"జబ్బు మనిషి కదా అని."

"ఆ మూటలేమిటని ఎవరినీ అడగలేదా?"

"ఎవరినీ అడగలేదండి."

నేను లేవాలి. లేచి, అడిగాడు, నన్నే అడిగాడు, అని చెప్పాలి. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాను. విరిగిన వేళ్ళు సలుపుతుంటే వాటినే చూస్తూ కూర్చున్నాను. లేవలేదు. అజాగ్రత్త అని రాసుకున్నారు, కొలువు తీసేశారు. ఎవరి పిస్తోలు గుండు ఎవరికి తగిలిందో తేలలేదు గనక ఎవరికీ శిక్ష పడలేదు. డులేనీ ఇంకో పన్నెండేళ్ళు సభలో కూర్చుని, తన పక్క మీద నిద్రలో పోయాడు. అతని చావు వార్త పత్రికలో సగం పేజీ వచ్చింది.

లెమ్ నా అటకలోనే ఉండిపోయాడు. ఎడమ చేత్తో కట్టెలు కొట్టడం నేర్చుకున్నాడు. పద్దెనిమిదేళ్ళు ఒకే బల్ల దగ్గర తిన్నాం. ఆ సంగతి అతను ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. నా ఇంట్లో ఇటుక కాచడం మాత్రం మానేశాను. చలికి కాళ్ళు కొంకర్లు పోయినా ఎవరికీ ఇటుక ఇవ్వలేదు. రాజ్యాంగం మార్చి సెనేటర్‌ని జనమే ఎన్నుకోవాలన్నాక, పందొమ్మిది వందల పద్నాలుగు నవంబరులో అతను శుభ్రమైన కాలరు పెట్టుకుని వెళ్ళి ఓటు వేసి వచ్చాడు.

"ఎలా ఉంది?" అని అడిగాను. ఆడదాన్ని, నాకెలాగూ ఓటు లేదు.

"వెళ్ళాను, వేశాను, వచ్చాను. ఎవరూ ఎవర్నీ కొట్టలేదు" అన్నాడు. భోజనానికి కూర్చుని, ఆ మాటే ఇంకోసారి అన్నాడు.

ఆ చలికాలం చివర్లో అతనికీ నిమ్ము పట్టింది. డాక్టరు పాదాలు వేడిగా ఉంచమన్నాడు. రబ్బరు సంచి చిల్లు పడి పరుపంతా తడిసింది.

"ఇటుకలు లేవా ఓర్ఫా?" అన్నాడు లెమ్.

నేను చిల్లు సంచి తీసి బకెట్టులో పడేశాను.

"గుడ్డ నా పెట్టెలో ఉంది."

పెట్టె అడుగున ఎర్ర ఫ్లానెల్ ముక్కలు నాలుగూ ఉతికి, మడిచి ఉన్నాయి. పక్కన ఒక రేకు బిళ్ళ. పెరటి గట్టు నుంచి రెండు ఇటుకలు పెకలించి తెచ్చి పొయ్యిలో కాచాను. మూడు చుట్లు చుట్టాను. అతని కాళ్ళ దగ్గర పెట్టి, ఆ మంచం పక్కనే కూర్చుని చెప్పేశాను.

"లెమ్, ఆ రోజు అవి పది నిమిషాల్లో చల్లారవని నాకు తెలుసు. తెలిసీ వాగాను."

"నాకూ తెలుసు" అన్నాడు. "చెయ్యి పెట్టింది నేనే కదా."

దుప్పటి కింద ఎడమ చెయ్యి జరిపి ఎర్ర గుడ్డ మీద పెట్టాడు.

"ఇవి వేడిగా ఉన్నాయి ఓర్ఫా."

ఆ చెయ్యి తియ్యలేదు. రెండో రోజు మధ్యాహ్నం పోయాడు.

పత్రిక వాళ్ళకి నేను చెప్పేది ఇదే, సరిదిద్దుకోండి. లెమ్యుయెల్ గ్రిగ్స్ మంచం తడిమి చూశాడు. చెయ్యి పెట్టాడు. ఇవేమిటని అడిగాడు, చల్లారిపోయాయని కూడా అన్నాడు. చల్లారవా మరి, తలుపు తియ్యి అన్నది నేను.